బ్రాడీపేట మేడ మీద స్థలకాలం: ఒక సాపేక్షతా తరగతి సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత డాబా ఇంటి పై అంతస్తులో, ఆదివారాలు ఉదయం పూట, ఉద్యోగ విరమణ చేసిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకులు సాపేక్షతా సిద్ధాంతాన్ని, విశ్వశాస్త్రాన్ని బోధిస్తున్నారు. వీధిలో పేరు బోర్డు లేదు, కరపత్రం లేదు, ప్రవేశ పరీక్ష లేదు. ఒకరి ద్వారా ఒకరు తెలుసుకుని వచ్చేవారే తప్ప ప్రకటన చూసి వచ్చేవారు లేరు; ఆయనకు ప్రచారం ఇష్టం లేదు కాబట్టి పేరు, ఇంటి నంబరు ఇక్కడ ఇవ్వడం లేదు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు ఇంటి కిటికీలను సైతం మూసేసే ఆ వీధుల్లో, ఏ ర్యాంకుకూ పనికిరాని చదువును ఒకరు రుసుము తీసుకుని చెప్పడం, దానికి ఇరవై మంది దాకా రావడం ముచ్చటైన సంగతే. అయితే ముచ్చటపడటం వేరు, కట్టిన డబ్బుకు తగిన చదువు దొరికిందా అని చూడటం వేరు. ఇక్కడ రాస్తున్నది రెండో దాని గురించి.

కోర్సు మూడు నెలలు. రుసుము 4,500 రూపాయలు, డిగ్రీ విద్యార్థులకు అందులో సగం. మొదటి సగంలో ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం, రెండో సగంలో సాధారణ సాపేక్షత, విశ్వశాస్త్రం ఉంటాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను: మొదటి సగం, ఇంటర్ గణితం మరిచిపోని ఎవరికైనా, ఆ రుసుముకు రెట్టింపు అడిగినా చేరదగినది, రెండో సగం మంచి ఉపన్యాసాల వరుసే గాని, నేర్చుకోవడం అనదగినది అందులో తక్కువ. ఆయన విద్యార్థుల చేత చేయించినంతసేపూ తరగతి నిలబడింది, తాను చెప్పుకుంటూ పోయిన చోటల్లా పలచబడింది.

మొదటి రోజున గ్రాఫు కాగితాలు, స్కేలు, చెక్కిన పెన్సిలు తెచ్చుకోమంటారు. కాలిక్యులేటర్ వద్దంటారు. కాగితం మీద నిలువుగా కాలం, అడ్డంగా దూరం. కాంతి ఒక మైక్రోసెకనులో దాదాపు 300 మీటర్లు పోతుంది కాబట్టి నిలువు గడిని ఒక మైక్రోసెకనుగా, అడ్డు గడిని 300 మీటర్లుగా తీసుకుంటే కాంతి కిరణం సరిగ్గా 45 డిగ్రీల గీతగా వస్తుంది. కదలని మనిషి నిలువు గీత అవుతాడు, కదిలే బండి ఆ రెంటి మధ్యా ఏటవాలు గీత అవుతుంది. ఈ గీతలు గీయడం వచ్చేదాకా ఆయన, ఒక పరిశీలకుడి కాలం, దూరం కొలతలను మరొకరి కొలతల్లోకి మార్చే లోరెంజ్ సూత్రాల ఊసే ఎత్తరు. డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో ఆ సూత్రాలు మొదటి పేజీలోనే వచ్చిపడి, విద్యార్థి వాటిని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుని, ఆ మార్కులతోపాటే వాటిని వదిలేస్తాడని ఎరిగిన వారికి ఈ క్రమం విలువ తెలుస్తుంది.

ఆయన దగ్గర ఒక నల్లని అట్టముక్క ఉంది. దాని నడుమ అడ్డంగా, బ్లేడుతో కోసిన సన్నని చీలిక ఉంటుంది. మనం గీసిన గ్రాఫు మీద ఆ అట్టను పరిచి కింది నుంచి పైకి నెమ్మదిగా జరిపితే, చీలికలో కనిపించే గీతల తునకలు చుక్కలై కదలడం మొదలుపెడతాయి: నిలబడిన మనిషి చుక్క ఉన్నచోటే ఉంటుంది, బండి చుక్క మెల్లగా పక్కకు జరుగుతుంది, కాంతి చుక్క దూసుకుపోతుంది. అంటే కాగితం మీద మొత్తం చరిత్ర ముందే ఉంది, చీలిక మనం ‘ఇప్పుడు’ అనుకునే పొర మాత్రమే. ఇంతవరకూ అర్థమయ్యాక ఆయన అట్టను కొంచెం ఏటవాలుగా తిప్పి, “రైల్లో కూర్చున్నవాడి ‘ఇప్పుడు’ ఇలా ఉంటుందమ్మా” అంటారు. ఒకేసారి జరిగాయనుకున్న రెండు చుక్కల్లో ఒకటి చీలికలో ఉంటుంది, రెండోది అట్ట చాటుకు పోతుంది. ఏకకాలికత సాపేక్షమన్న మాటను అంతకు ముందు ఎన్నోసార్లు చదివిన వారు కూడా ఆ క్షణంలో ముందుకు వంగి కాగితంలోకి చూశారు.

దీనికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ మన ఊళ్లదే. విజయవాడ, గుంటూరు స్టేషన్ల మధ్య రైలు దారి సుమారు 32 కిలోమీటర్లు. అది తిన్నని గీత అనుకుంటే కాంతి దాన్ని దాదాపు 107 మైక్రోసెకన్లలో దాటుతుంది. రెండు స్టేషన్లలోనూ ఒక్కొక్క దీపం వెలిగిందనుకుందాం. రెండు వెలుగుల మధ్య వ్యవధి 107 మైక్రోసెకన్లకు మించితే, ఏది ముందు, ఏది వెనుక అన్న విషయంలో విశ్వంలోని పరిశీలకులందరూ ఏకీభవిస్తారు. వ్యవధి అంతకంటే తక్కువైతే ముందు వెనుకలు తారుమారుగా చూసే పరిశీలకుడు ఎవరో ఒకరు ఉండక తప్పదు. అందువల్ల ఆ రెంటిలో ఒకటి మరొకదానికి కారణం కాలేదు. ప్లాట్‌ఫారం మీది గడియారాల ప్రకారం రెండూ సరిగ్గా ఒకేసారి వెలిగితే, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో విజయవాడ నుంచి గుంటూరుకు వచ్చే ప్రయాణికుడి లెక్కలో గుంటూరు దీపమే ముందు వెలుగుతుంది. ఎంత ముందు? సుమారు 10 పికోసెకన్లు, అంటే సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో పది. ఈ అంకెను మా చేతనే లెక్క కట్టించారు. తేడా ఉండటమూ నిజమే, నిత్యజీవితంలో అది తెలియకపోవడమూ నిజమేనని ఒకే లెక్కలో రెండూ తేలాయి.

ఆ తరువాతే అంతరాళం, అంటే రెండు సంఘటనల మధ్య స్థలకాలపు ‘దూరం’, వస్తుంది. పైథాగరస్ సిద్ధాంతంలో వర్గాలను కూడే చోట ఇక్కడ కాలం వర్గంలోంచి దూరం వర్గాన్ని తీసివేయాలి. ఆ ఒక్క రుణగుర్తు వల్ల, మూలబిందువు నుంచి సమాన ‘దూరం’లో ఉన్న బిందువులన్నీ వృత్తం మీద కాక అతిపరావలయం మీద పడతాయి. ఐన్‌స్టీన్ 1905లో ప్రకటించిన సిద్ధాంతానికి ఈ జ్యామితీయ రూపాన్ని ఇచ్చినవారు హెర్మన్ మింకోవ్‌స్కీ. ఆయన 1908 సెప్టెంబరులో కొలోన్ నగరంలో ఉపన్యసించి, 1909 జనవరిలోనే మరణించారు. జూరిక్‌లో ఐన్‌స్టీన్‌కు ఆయన గణితం చెప్పిన గురువు కూడా. ఈ మూలవ్యాసాలను 1920లో కలకత్తాలో ఆంగ్లంలోకి తెచ్చినవారు మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ అన్న విషయాన్ని మాస్టారు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోయారు. ఇంకొంచెం చెప్పి ఉండవలసింది.

కవలల సమస్యను ఆయన చెప్పిన తీరు ఈ కోర్సులో అన్నిటికంటే బాగుంది. నాలుగు కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రానికి, కాంతి వేగంలో 80 శాతం వేగంతో ఒక సోదరి వెళ్లి వెంటనే తిరిగి వస్తుంది. ఇంటి దగ్గర ఉన్నవారికి పోవడానికి ఐదేళ్లు, రావడానికి ఐదేళ్లు. ప్రయాణికురాలికి ఒక్కొక్క దారిలో గడిచే కాలం, 25లోంచి 16 తీసివేస్తే వచ్చే 9కి వర్గమూలం, అంటే మూడేళ్లు, రానూపోనూ ఆరు. కాగితం మీద పొడవుగా కనిపించే వంకరదారి, గడియారం కొలతలో పొట్టిదారి. ఒక కుర్రవాడు లేచి, “మలుపు దగ్గర త్వరణం ఉంది కదా మాస్టారూ, వయసు తగ్గింది దానివల్లనే కదా?” అని అడిగాడు. అందరికీ వచ్చే సందేహమే అది. “త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడో భుజం కంటే ఎక్కువ అవుతుంది. ఆ అదనపు పొడవంతా మూల దగ్గరే ఉందా బాబూ?” అని ఆయన ఎదురు ప్రశ్న వేసి ఊరుకున్నారు. కుర్రవాడు కూర్చోలేదు, కాసేపు బోర్డు వంక చూసి, “లేదండీ, మొత్తం దారిలో ఉంది” అన్నాడు. జవాబు తనంతట తానే వచ్చేదాకా ఆగే ఓపిక ఉన్న బోధకులు మన ట్యుటోరియళ్లలో అరుదు.

ఇంటికిచ్చే లెక్కలు కూడా ఈ సగంలో సరైనవే. వాతావరణం పైపొరల్లో, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టే మ్యూయాన్ కణాల (ఎలక్ట్రాన్ వంటివే గాని బరువైనవి) సగటు ఆయుర్దాయం 2.2 మైక్రోసెకన్లు; అంత కొద్ది సమయంలో కాంతి వేగంతో పోయినా 660 మీటర్లు దాటవు. అయినా అవి నేలకు చేరుతున్నాయి. కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో వచ్చే మ్యూయాన్లకు కాలవ్యాకోచం (కదిలే గడియారం నెమ్మదించడం) పది రెట్లు కాబట్టి నూటికి పది దాకా చేరతాయని, కాలవ్యాకోచమే లేకపోతే వంద కోట్లలో ఒక్కటి కూడా మిగలదని మనమే తేల్చాలి. కష్టమల్లా ఏమిటంటే, ఆ లెక్కల పత్రాలకు జవాబులు ఇవ్వరు. తప్పు చేశామో ఒప్పు చేశామో తెలియడానికి మరుసటి ఆదివారం దాకా ఆగాలి. ఆ ఆదివారం కొత్త పాఠం మొదలైతే ఆ అవకాశమూ పోతుంది. చివరి జవాబులైనా పత్రం వెనుక అచ్చు వేయమని పలువురం అడిగాం. “చూద్దాం” అన్నారు.

సాధారణ సాపేక్షత కుండతో మొదలవుతుంది. బల్ల మీద ఒక మట్టికుండ పెట్టి, వేలెడు వెడల్పున కత్తిరించిన కాగితపు పట్టీలను జిగురుతో దానికి అంటిస్తారు. షరతు ఒక్కటే: పట్టీ ఎక్కడా ముడత పడకూడదు, అంచు లేవకూడదు. అలా అంటిన పట్టీ ఆ తలం మీద సాధ్యమైనంత తిన్ననిదారి. దాన్నే జియోడెసిక్ అంటారు. కుండ పొట్ట దగ్గర రెండు పట్టీలను సమాంతరంగా మొదలుపెట్టి పైకి అంటిస్తూ పోతే అవి క్రమంగా దగ్గరవుతాయి. అదే పని మెడ దగ్గర, లోపలికి నొక్కుకుని అంచు వైపు విచ్చుకునే చోట చేస్తే, రెండూ దూరమవుతాయి. ధన వక్రత, రుణ వక్రత ఒకే కుండ మీద వేలికి తగులుతాయి. పక్కపక్కన వదిలిన రెండు రాళ్లు భూమి కేంద్రం వైపు పడుతూ ఒకదానికొకటి దగ్గరవడం కూడా ఇటువంటిదేనని, ఏ రాయినీ ఏ బలమూ లాగనక్కరలేదని ఆయన అప్పుడు చెప్పారు.

సాగదీసిన రబ్బరు గుడ్డ మీద ఇనుప గుండు పెట్టి చూపే బొమ్మను ఆయన ఒప్పుకోరు. ఆ విషయంలో నేనూ ఆయన పక్షమే. గుండు గుడ్డను కిందికి వంచేది భూమ్యాకర్షణే కాబట్టి, గురుత్వాన్ని గురుత్వంతోనే వివరించినట్టవుతుంది. అంతకంటే పెద్ద లోపం, ఆ బొమ్మలో కాలానికి చోటే లేదు. చేతిలోంచి జారిన సుద్దముక్క కింద పడటానికి ముఖ్య కారణం కాలపు వక్రతే (ఎత్తును బట్టి కాలం నడక మారడమే) గాని స్థలపు వక్రత కాదు. దీనికి నిదర్శనంగా జీపీఎస్ లెక్క చెప్పారు: సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాల గడియారాలు, గురుత్వం తక్కువ ఉండటం వల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనక్కు, మొత్తం మీద 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సరిదిద్దకుండా వదిలేస్తే ఆ తేడా కాంతి దూరంలో రోజుకు 11 కిలోమీటర్లకు పైమాటే.

కుండ తరువాతి ఆదివారమే తరగతి చేజారింది. బోర్డు మీద ఒకేసారి స్థలకాలంలో దూరాలను కొలిచే మెట్రిక్ టెన్సర్, దాని పది స్వతంత్ర అంశాలు, అది చోటుచోటుకూ మారే తీరు చెప్పే క్రిస్టాఫెల్ గుర్తులు నలభై, వక్రతను కొలిచే రీమాన్ టెన్సర్ స్వతంత్ర అంశాలు ఇరవై వచ్చి కూర్చున్నాయి. చేరేటప్పుడు మాత్రికలు, పాక్షిక అవకలనం వస్తే చాలునన్నారు. చాలవు. ఒక సూచిక (గుర్తుకు తగిలించే చిన్న అక్షరం) పైన ఎందుకుంటుందో, మరొకటి కింద ఎందుకుంటుందో నిలకడగా చెప్పకుండా, సమతలంలో ధ్రువ నిరూపకాలతో ఒక్క లెక్కయినా పూర్తిగా చేయించకుండా, నేరుగా గోళం మీది వక్రతను ఇంటి పనిగా ఇవ్వడం న్యాయం కాదు. బ్యాంకు ఉద్యోగులు, మందుల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి, ఇద్దరు పాఠశాల ఉపాధ్యాయినులు ఆ వారం తరువాత కనిపించలేదు. మొదటి సగంలో బోర్డు దగ్గరికి ముందుగా లేచి వెళ్లినవారు వీరే. ఐన్‌స్టీన్ అంతటివారే ఈ గణితం కోసం 1912లో తన పాత సహాధ్యాయి మార్సెల్ గ్రాస్‌మన్‌ను ఆశ్రయించి, 1915 నవంబరుకు గాని తుది సమీకరణాలకు చేరలేదు. దాన్ని మనకు ఒక ఉదయంలో ముగించారు.

విశ్వశాస్త్రానికి మాత్రం గుంటూరులో దొరికే ప్రారంభం మరెక్కడా దొరకదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ ఈ ఊరికే వచ్చారు. బ్రిటిష్ పరిశీలకుల బృందమూ ఇక్కడే మకాం వేసింది. సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన రేఖలను చూసిన జాన్సెన్, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని గ్రహించి మర్నాడే చూశారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా స్వతంత్రంగా ఆ పద్ధతికి చేరారు. ఆ జ్వాలల వెలుగులో, సోడియం రేఖల పక్కనే ఉంటూ సోడియానికి చెందని పసుపు రేఖ హీలియం మూలకానిదని తేలింది. భూమి మీద ఆ వాయువు 1895లో గాని రసాయన శాస్త్రవేత్త రామ్సేకు చిక్కలేదు. వెలుగులోని ఒక గీతను బట్టి దూరాన ఉన్న పదార్థం గుట్టు తెలుసుకోవచ్చునన్నది ఇందులోని విషయం. ఆ గీత ఉండవలసిన చోటు నుంచి ఎరుపు వైపు ఎంత జరిగిందో కొలిస్తే ఆ కాంతి బయలుదేరినప్పటి నుంచి విశ్వం ఎంత వ్యాకోచించిందో తెలుస్తుంది. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే దూరాలూ రెట్టింపైనట్టే. గుంటూరు వర్ణపటం నుంచి, విశ్వ వ్యాకోచాన్ని సమీకరణాల్లో చూపిన 1922 నాటి ఫ్రీడ్‌మన్, 1927 నాటి లెమైత్రే, పరిశీలనల్లో చూపిన 1929 నాటి హబుల్ దాకా ఆయన నడిపించిన గంట చాలా బాగుంది.

ఆ గంట తరువాత మిగిలిందంతా పరుగే. గురుత్వం వల్ల పక్కపక్క దారులు ఎలా దగ్గరవుతాయో చెప్పే 1955 నాటి అమల్ కుమార్ రాయ్‌చౌధురి సమీకరణం పేరు మాత్రం విన్నాం. విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలి 1965లో దొరికిన నేపథ్య వికిరణం, దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్, 1998లో సూపర్‌నోవాల (పేలే నక్షత్రాల) ద్వారా తెలిసిన త్వరిత వ్యాకోచం, విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకం ఒక పద్ధతిలో 67, మరో పద్ధతిలో 73 రావడం. అన్నీ నిజాలే, అన్నీ ఏ పత్రికలోనైనా దొరికేవే. ఇంటర్ కలనగణితం వచ్చినవారు అర పేజీలో చేయగల లెక్క ఒకటి ఇక్కడుంది. విశ్వం చదునైనదనీ, అందులో పదార్థం తప్ప మరేమీ లేదనీ అనుకుంటే, వ్యాకోచ గుణకం (దూరాలు ఎన్ని రెట్లయ్యాయో చెప్పే అంకె) కాలానికి మూడింట రెండో ఘాతంగా పెరుగుతుంది. అప్పుడు విశ్వం వయసు హబుల్ స్థిరాంకం విలోమంలో మూడింట రెండు వంతులు. స్థిరాంకాన్ని 70గా తీసుకుంటే విలోమం సుమారు 1400 కోట్ల సంవత్సరాలు, వయసు 930 కోట్లు. మన పాలపుంతలోనే అంతకంటే వయసు మళ్లిన నక్షత్రాలు ఉన్నాయి. కాబట్టి లెక్కలో ఏదో తక్కువైంది. వ్యాకోచాన్ని త్వరితం చేసే కృష్ణశక్తిని చేరిస్తే వయసు 1380 కోట్లకు వస్తుంది. కృష్ణశక్తి ఎందుకు కావలసి వచ్చిందో విద్యార్థి తన చేతి కిందనే చూసుకోగల ఈ లెక్కను వదిలేసి, విశ్వంలో 68 శాతం కృష్ణశక్తి అని చెప్పి దాటేయడం, అట్టముక్కతో మొదలుపెట్టిన బోధకునికి తగదు.

మిగతా సంగతులు కొద్దివే. గదిలో గాలి వెలుతురు బాగానే ఉన్నాయి. ఏప్రిల్ దాటితే మాత్రం పైకప్పు వేడికి పది గంటల తరువాత కూర్చోవడం కష్టం. ఏడింటికే తరగతి మొదలవుతుంది కాబట్టి విజయవాడ నుంచి వచ్చేవారు చీకటితోనే బయలుదేరాలి. ఆలస్యంగా వచ్చినవారిని ఏమీ అనరు, కాని వారికోసం పాఠం వెనక్కి పోదు. బోధన తెలుగులోనే సాగుతుంది. నోట్సు ఆయన చేతిరాతకు తీసిన జిరాక్సులు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నా బొమ్మల్లో సన్నగీతలు సగం లేచిపోయాయి, ఎవరికి వారు మళ్లీ గీసుకోవలసిందే. ఇంతకు ముందు ఇదే విషయం మీద నేను ఇంతకంటే ఎక్కువ డబ్బు కట్టి చూసిన ఒక ఆన్‌లైన్ కోర్సులో బొమ్మలు కదిలేవి, రంగులు మెరిసేవి; పెన్సిలు పట్టే అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షకు ఉపయోగపడుతుందని పిల్లలను ఇక్కడికి పంపే తల్లిదండ్రులు ఆ ఆలోచన మానుకోవడం మేలు. డిగ్రీ రెండో సంవత్సరం దాటిన భౌతికశాస్త్ర, గణిత విద్యార్థులు పూర్తి కోర్సు తీసుకుని, టెన్సర్ గణితాన్ని వేరే చోట ముందుగా చూసుకుని రావచ్చు. తక్కినవారు, ముఖ్యంగా ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకు నేర్చుకోవాలనుకునేవారు, మొదటి సగం వరకే చేరతామని అడగడం మంచిది; మా బ్యాచ్‌లో ఇద్దరు అలా అడిగితే 2,500 రూపాయలకు ఒప్పుకున్నారు. కొత్త బ్యాచ్ సంక్రాంతి వెళ్లాక మొదలవుతుంది. చేరేటప్పుడు లెక్కల పత్రాలకు జవాబులు ఇస్తారా లేదా అని ఇంకొకసారి గట్టిగా అడగండి. అడిగేవారి సంఖ్య పెరిగితే ఆ “చూద్దాం” ఈసారైనా కదులుతుందేమో.